గుండిగ అడుగున పన్నెండు మాటలు

కాలిపోయిన మోటారుకి మళ్ళీ ప్రాణం రావాలంటే కోయంబత్తూరు పక్క తుడియలూరులో భూపతి షెడ్డుకే పోవాలని చుట్టుపక్కల రైతులు చెప్పుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా అతనికి అదే పని. మాడిన తీగ ఊడబీకడం, కొత్త రాగితీగ చుట్టడం, వార్నీషు పూయడం, నీళ్ళతొట్టిలో దించి పరీక్ష చూడడం, ఆఖర్న ఇత్తడి రేకు మీద నంబరు గుద్ది మోటారుకి బిగించడం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తమిళం చదువుతాడు, ఇంగ్లీషులో రెండూ రావు. కానీ ఇంగ్లీషు అక్షరాలు గుద్దడంలో మాత్రం అతని చెయ్యి చెయ్యే. లెటర్ పంచ్ నిలబెట్టి సుత్తితో ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వేసేవాణ్ణి పనివాడే కాదనేవాడు.

అంత పనివాడికి ఒక జబ్బు ఉండేది. ఎవర్నీ ఏదీ అడగలేడు. అడగాల్సి వస్తే మొహం మాడ్చుకుని, ఆ పనే మానుకుని వచ్చేసేవాడు. నోట్ల రద్దునాడు ఆ జబ్బు ముదిరింది. తన ఖాతాలో తన డబ్బు కోసం మూడు రోజులు వరసలో నిలబడ్డాడు. మూడో రోజు కౌంటరు వెనకున్న కుర్రాడు తలెత్తకుండా "పెద్దాయనా, పక్కకి జరుగు" అన్నాడు, అదీ రాగితీగ అమ్మే సేటు చూస్తుండగా. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

"నా దుడ్డు నాకియ్యను వాడి పర్మిషన్ ఏల?" అని భార్య అంజలమ్మని అడిగాడు, ఆమే బ్యాంకు నడుపుతున్నట్టు.

ఈ ఒక్క సంగతిలో భూపతి మీద జాలిపడవచ్చు. పడాలి కూడా. ఇక ముందు అవసరం ఉండదు కనుక ఇక్కడే పడిపోదాం.

కరోనా రోజుల్లో షెడ్డు మూతపడింది. పని లేని చేతికి ఫోను దొరికింది. అందులో ఒకడు తమిళంలో బిట్‌కాయిన్ గురించి గంటలకొద్దీ చెబుతున్నాడు. దీనికి బ్యాంకు లేదు, మేనేజరు లేదు, సంతకం లేదు, నీ సొమ్ము తీసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. మిగతాదేమీ భూపతికి ఎక్కలేదు. ఆ ఆఖరి మాట మాత్రం తిన్నగా గుండెకి పోయింది. లాభం కోసం పోయుంటే ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి తెచ్చుకునేవాడేమో. అతను పోయింది స్వాతంత్ర్యం కోసం, అందుకని ఎవరేం చెప్పినా చెవిన వేసుకోలేదు.

మోటారు తెచ్చిన ప్రతి రైతుకీ పాఠం మొదలైంది. "మీ టెంకాయ మీది, రేటు పెట్టేది ఎవురు? మీ దుడ్డు మీది, పూట్టు వేసి తాళం పెట్టుకొనేది ఎవురు?" అని నిలదీసేవాడు. తల ఊపితే మోటారు తొందరగా చేతికొస్తుందని వాళ్ళూ ఊపేవాళ్ళు. వెనకాల 'కాయిన్ నాయుడు' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. అది చెవిన పడ్డా అతను మురిసిపోయాడు.

ఊరికంతా పంచిన స్వాతంత్ర్యం ఇంట్లో మాత్రం మిగల్లేదు. పిల్లల్లేని ఇల్లు, ఇద్దరే మనుషులు. ఒకనాడు అంజలమ్మ గాజులు నాలుగూ బీరువాలో లేవు.

"ఏమింగ, గాజులు యాడ?"

"కాయిన్ చేస్తిని. బంగారానికి లాకరు, లాకరుకి బ్యాంకు, బ్యాంకుకి పర్మిషన్. మళ్ళీ వాడి కాళ్ళ కిందికే పోవాల."

"నన్నొగ మాట అడగొద్దా?"

"ఎవుర్నీ అడగకుండా ఉండేదానికే సుదందిరం అని పేరు," అన్నాడు, ఆమెకి మంచి చేస్తున్నవాడిలా. అంజలమ్మ బోసి చేతులు కొంగులో చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ఏడ్చిందో లేదో అతను చూడలేదు. చూడాలని తట్టలేదు.

ఫోనులో ఆ ఏర్పాటంతా చేసిపెట్టింది దినకరన్. స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు, మిల్లు మోటార్లు భూపతి దగ్గరే చుట్టించేవాడు. ఫోను మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు వచ్చాయి. వాటిని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, వేలు ఊపుతూ హెచ్చరించాడు.

"అన్నా, ఫోను పోతే పోనీ. ఈ పన్నెండు మాటలుంటే యాడున్నా అంతా తిరిగొస్తుంది. ఇవి పోతే దేవుడొచ్చినా రాదు. కంప్లెయింటు ఇయ్యను ఆఫీసు కూడా లేదు. ఫోటో తియ్యొద్దు, ఎవురికీ చెప్పొద్దు."

కాగితాన్ని చెద తింటుంది, నిప్పు తింటుంది. భూపతికి తెలిసిన గట్టి వస్తువు లోహం. షెడ్డులో పెడితే పాత ఇనుము దొంగలున్నారు. ఇంట్లో అటక మీద ఇత్తడి గుండిగ ఉంది. కినత్తుకడవులో పది కొబ్బరిచెట్లతో బతికిన అత్తగారు పాంచాలి, కూతురి పెళ్ళికి పెట్టిన సీరు, అంటే సారె సామాను. అంచున చుక్కలు చుక్కలుగా తమిళ అక్షరాల్లో ఆమె పేరు కొట్టించి ఉంది. పుట్టింటి సీరు ఇత్తడి ఆడదాని సొంతమని, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా మొగుడు దాని జోలికి పోకూడదని వాళ్ళలో కట్టుబాటు. భూపతి దాన్నే నమ్ముకున్నాడు. అంజలమ్మ గుడికి పోయిన పూట గుండిగని బోర్లించి, కాగితం చూస్తూ ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ చొప్పున పన్నెండు మాటలూ అడుగున గుద్దాడు. వాటి అర్థం అతనికి తెలియదు. గుర్తుపెట్టుకునే దారీ లేదు. కాగితాన్ని కర్పూరంతో కాల్చి, గుండిగని అటకెక్కించి, చేతులు దులుపుకున్నాడు.

దాన్ని ఎవరూ అమ్మరు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు లేదనుకున్నాడు. అమ్మే హక్కు ఒక మనిషికి ఉందన్న సంగతి అతని బుర్రకి తట్టలేదు. ఆ మనిషిని అతను ఏనాడూ మనిషి కింద జమ కట్టలేదు మరి.

మూడేళ్ళు గడిచాయి. ఆవణి నెలలో పాంచాలి తోటలో కాలుజారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఒక్కతే కూతురు. అంజలమ్మ ఆమెని కోయంబత్తూరు తెచ్చి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించింది. వెంటనే ప్లేటు వేస్తే లేచి నడుస్తుందన్నారు, ముందు కొంత కట్టమన్నారు. ఆమె షెడ్డుకొచ్చి నిలబడింది.

"ఏమింగ, ఆ కాయిన్‌లో కొంచెం అమ్మండి. మాయమ్మ లేస్తే చాలు, తోటలో టెంకాయ దించి మీకు తిరిగిచ్చేస్తా."

భూపతి ఫోనులో కాయిన్ రేటు గీత చూస్తున్నాడు. గీత పైకి పోతోంది.

"ఇప్పుడు అమ్మేవాడు పైత్తెకారుడు, పిచ్చోడు. డెబ్బై ఎనిమిదేండ్ల ఎముకకి ప్లేటు ఏల? ధర్మాసుపత్రి ఉండనే ఉంది కదా."

ఆ మాట విన్న పక్కషెడ్డు లేతు మేస్త్రీ తల దించుకున్నాడు. భూపతి దించుకోలేదు.

పాంచాలిని ధర్మాసుపత్రిలో చేర్చారు. వయసు చూసి, గుండె చూసి, ఇవాళ రేపు అంటూ ఉండగానే పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పంతొమ్మిది రోజులు అంజలమ్మ మంచం పక్క నేలమీదే పడుకుంది. భూపతి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చి పక్కమంచం వాళ్ళకి బిట్‌కాయిన్ గురించి చెప్పి వెళ్ళాడు. ఇరవయ్యో రోజు పొద్దున పాంచాలి పోయింది.

తల్లిని కినత్తుకడవు తీసుకుపోవాలి, పదహారో రోజు కరుమాది చేసి అయినవాళ్ళకి అన్నం పెట్టాలి. కొడుకు లేని తల్లికి ఆ బాధ్యత కూతురిదే. చావు ఖర్చుకి అప్పటికప్పుడు చుట్టాల దగ్గర చెయ్యి చాచింది. కరుమాదికి నాలుగు రోజుల ముందు మళ్ళీ షెడ్డుకొచ్చింది. మొగుణ్ణి డబ్బు అడగడానికి కాదు. ఆ మర్యాద ఆమె నేర్చేసుకుంది.

"ఏమింగ, అటక మీది మాయమ్మ సామాను పాత ఇత్తడి కొనే పాత్రల కడకి ఏసేద్దామని ఉండాను."

ఆ క్షణాన ఫోనులో గీత జర్రున కిందికి జారుతోంది. భూపతికి భార్య గొంతు ఈగ రొదలా ఉంది.

"నీది, నీ ఇష్టం. నన్నేల అడుగుతావు?"

"ఇంకొగటి అడగాల. ఆ గుండిగ అడుగున..."

అతను చెయ్యి ఎత్తి ఆపాడు, కళ్ళు ఫోను మీంచి తియ్యకుండానే. ఆమె కాసేపు ఆ చెయ్యి వంక చూసి వెళ్ళిపోయింది.

కరుమాది భోజనం బాగా జరిగింది. అరటాకులు, వడ, సేమ్యా పాయసం. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని భూపతి అడగలేదు. అడగడం అతనికి రాదు కదా. అల్లుడి హోదాలో ముందు వరసలో కూర్చుని, పాయసం రెండుసార్లు పోయించుకుని, పక్కాయనకి స్వాతంత్ర్యం అంటే ఏమిటో వివరించాడు.

తర్వాత రెండు నెలలకి, తొట్టిలో మోటారు దించి వంగి చూస్తుండగా జేబులో ఫోను నీళ్ళలో పడింది. తొట్టి తోడించి తీసేసరికి దాని పని అయిపోయింది. బోర్డే పోయిందన్నాడు సెల్‌ఫోన్ కొట్టువాడు. షెడ్డువాళ్ళు అయ్యో అన్నారు. భూపతి ఫక్కున నవ్వాడు. ఇన్నాళ్ళకి తన తెలివి నలుగురికీ చూపించే రోజు వచ్చింది. కొత్త ఫోను కొని, దినకరన్‌ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"తంబీ, నువ్వు ఫోను సిద్ధం చెయ్యి. నేను మాటలు దించుకొస్తా. ఏ దొంగోడూ తియ్యలేని చోట పెట్టుండాను."

అంజలమ్మ దినకరన్‌కి టీ ఇచ్చింది. భూపతి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. అటక మీద పాత దుప్పట్లు, ఒక పగిలిన ఫ్యాను ఉన్నాయి. గుండిగ ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. నిచ్చెన మీంచే అరిచాడు.

"గుండిగ యాడ?"

"ఏ గుండిగ?"

"మీయమ్మ గుండిగే! ఈడ ఉండేది!"

"కడకి ఏసేస్తినే."

"ఎవుర్ని అడిగి ఏస్తివి?"

"మిమ్మల్నే. నీది నీ ఇష్టం, నన్నేల అడుగుతావు అంటిరి."

దినకరన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. భూపతి నిచ్చెన దిగాడో దూకాడో అతనికే తెలియదు.

"అడుగున అక్షరాలుండె. చూడలేదా నువ్వు?"

"చూస్తిని. కడకి ఇచ్చే ముందు చింతపండేసి తోమితిని కదా. మోటారు రేకుకి గుద్దేటట్ల ఏమో గుద్దుండె. అదే అడగను వస్తిని. మీరు చెయ్యెత్తి ఆపేస్తిరి."

"వేరే యాడన్నా రాసుండారా అన్నా?" అన్నాడు దినకరన్ మెల్లిగా. భూపతి మళ్ళీ అటక వంక చూడగానే కొత్త ఫోను బల్లమీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

భూపతి పాత్రల కడకి పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఒకడి ముందు చేతులు జోడించాడు. కడాయన పాపం మంచివాడే, గుర్తు తెచ్చుకుని చెప్పాడు. పాత ఇత్తడి నెలకోసారి కరిగించేచోటికి పోతుంది, ఆ లోడు పోయి నెల దాటింది.

"ఇప్పటికి గుడిగంట అయ్యుంటుంది, దీపమయ్యుంటుంది. ఆఁ, మీ ఇంటమ్మ ఒగ ముక్క మాత్రం కోయించుకొని పోయె. రాసుండే చోటు నిప్పుల్లో పడకూడదనె."

రాసుండే చోటు! భూపతికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వచ్చిన దారినే పరుగెత్తాడు, యాభై రెండేళ్ళ మనిషి, పంచె ఊడిపోతున్నా చూసుకోకుండా. అంజలమ్మ పొయ్యి దగ్గర బియ్యం కడుగుతోంది.

"ముక్క... కోయించిన ముక్క... యాడ పెడితివి? ఇయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది, ఇయ్యి!"

ముప్పై ఏళ్ళ కాపురంలో అతను ఆమెని ఏదైనా ఇమ్మని అడగడం ఇదే మొదలు. ఆమె చేతులు తుడుచుకుని, దేవుడి అరలోంచి అరచేతంత ఇత్తడి ముక్క తెచ్చింది. కుంకుమ పెట్టి ఉంది. అతను లాక్కుని చూశాడు. చుక్కలు చుక్కలుగా 'పాంచాలి' అని ఉంది. వెనక్కి తిప్పాడు. తళతళలాడే ఉత్త ఇత్తడి. మళ్ళీ ముందుకి తిప్పాడు, మళ్ళీ వెనక్కి. అది అంచు ముక్క. అడుగుది కాదు.

ఏదో ఒకటి తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఆ దుడ్డు ఏం చేస్తివి?"

"కరుమాది నాడు పాయసం రెండుసార్లు పోయించుకొంటిరే," అంది అంజలమ్మ. "అదే."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆమె చెయ్యి చాచింది.

"ఇయ్యండి. అది నాది."

భూపతి ఇచ్చేశాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, చెదిరిన కుంకుమ సరిదిద్ది, దేవుడి అరలో పెట్టి, బియ్యం దగ్గరికి వెళ్ళిపోయింది.