దయ్యాల ఇంటికి చేసిన పళ్లు

నేను పళ్ల సెట్లు చేస్తాను. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక దంతవైద్యుడి క్లినిక్ వెనక గదిలో ఏళ్లుగా ఇదే పని. డాక్టరు అచ్చు తీసి పంపిస్తాడు, నేను దానికి తగ్గట్టు పళ్లు కూర్చి ఇస్తాను. ఎవరి ముఖమూ నాకు గుర్తుండదు, చిగుళ్లు మాత్రం గుర్తుంటాయి. ఒకరోజు వచ్చిన అచ్చు చూసి, పని పక్కన పెట్టి ముందు గదిలోకి వెళ్లాను.

బల్ల మీద ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. తల్లికి యాభై దాటి ఉంటాయి. పైన, కింద ముందు పళ్లు ఒక్కటీ లేవు. దవడ పళ్లు మాత్రం రాళ్లలా గట్టిగా ఉన్నాయి. ముందువి మాత్రమే అంత వరసగా వాటంతట అవి ఊడవు.

"ఎట్ల పోయినయమ్మా?" అని అడిగాను.

"బాయిల పడ్డది," అంది కూతురు, తల్లి నోరు తెరవకముందే.

నేను నమ్మలేదని ఆమెకు తెలిసిపోయింది. వారం తర్వాత మళ్లీ వచ్చినప్పుడు, తల్లి లోపల కుర్చీలో ఉండగా, తను వచ్చి నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"పడలేదు సార్. పీకిండ్రు."

వాళ్లది బోధన్ దాటాక, రెంజల్ వైపు ఒక పల్లె. తండ్రి జ్వరంతో పోయాడట. ఆ తర్వాత పక్కింటి బర్రె పాలివ్వడం మానేసింది, ఇంకో ఇంట్లో పసిపిల్ల పోయింది. తల్లి బాణామతి అనే చేతబడి చేస్తోందని ఊరు తేల్చింది. ముందు పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. అందుకని పట్టకారుతో పీకేశారు. మొగుణ్ని చంపి దయ్యంగా ఇంట్లోనే పెట్టుకుందని కూడా అన్నారు. అప్పటినుంచి అది దయ్యాల ఇల్లయింది.

"నేనప్పుడు బోధన్ల హాస్టల్ల ఉన్న," అంది, ఆ నేరం తనదే అన్నట్టు.

ఆ రోజే ప్రేమించానంటే అబద్ధం. ఆ రోజు నాకు ఒళ్లు మండింది, అంతే. కోపంతో చేయబట్టేనేమో, అంత మంచి సెట్టు నేను మళ్లీ చేయలేదు. ముందు పళ్ల ఆకారం కోసం కూతురి పళ్లు చూడాల్సి వచ్చింది. తల్లి ముందు పళ్లు ఎలా ఉండేవో చెప్పేందుకు ఫొటో కూడా లేదు మరి. కిటికీ దగ్గర నిలబెట్టి నవ్వమన్నాను. నవ్వడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ప్రేమ అక్కడ మొదలైంది.

సెట్టు సరిచేయాలనే వంకతో వాళ్ల ఊరికి వెళ్లాను. అలా ఇళ్లకు వెళ్లే అలవాటు మాకు లేదు. డాక్టరు నన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆటో అతను ఆ ఇంటికి నూరు గజాల దూరంలోనే దింపేసి, "గీడిదాకనే సార్," అన్నాడు. ఒకప్పుడు చుట్టూ చెరుకు ఉండేదట, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అంతా వరే. పక్కింటివాళ్లు ఇటువైపు కిటికీని ఇటుకలతో మూసేసుకున్నారు. లోపల ఇల్లు అలికి, శుభ్రంగా, పసుపు కొమ్ముల వాసనతో ఉంది. దయ్యాలు ఇంత పొందికగా ఉంటే ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలనిపించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ఊళ్లో ఎవరూ ఆ వాకిట్లో అడుగుపెట్టరు కాబట్టి మమ్మల్ని చూసేవాళ్లే లేరు. వాళ్ల భయమే మాకు కాపలా కాసింది. ఆ మాట అనుకుని సంతోషపడ్డ రోజులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొత్త పళ్లు అలవాటవ్వాలంటే రోజూ గంటసేపు పైకి చదవాలి. అందరికీ చెప్పినట్టే తల్లికీ చెప్పాను. ఆమెకు చదువు రాదు. అందుకని మధ్యాహ్నం పూట గోడవైపు కూర్చుని వస్తువుల పేర్లు అనేది. సద్ది, చాట, చెంబు, సొరకాయ, శనగలు. ఎన్నో ఏళ్లుగా నోరు మూసుకుని బతికిన మనిషి, మాటలు దొరికినకొద్దీ గొంతు పెంచింది. గోడ అవతలివాళ్లకు మాటలు తెలియవు, గొణుగుడు మాత్రం తెలుస్తుంది.

మూడో ఆదివారం పదిమంది వచ్చి వాకిలి బయట నిలబడ్డారు.

"ఇంట్లకెళ్లి మంత్రాలు ఇనవడుతున్నయి," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"పళ్లు అలవాటు కావాలని నేనే చెప్పిన," అన్నాను.

"పళ్లెందుకు పెట్టినవ్ సార్? పళ్లు లేకుంటె మాకు భయం లేకుండె. గిన్నేండ్లు నిమ్మలంగ ఉన్నం."

ఆయన తాగి లేడు, కోపంగానూ లేడు. కాలువ నీళ్ల గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. ఇంతలో తల్లి బయటికి వచ్చింది. పక్కకు తిరిగి పళ్లు తీసి, కొంగున ముడేసుకుని, వాళ్ల ముందు నోరు బాగా తెరిచి చూపించింది. వాళ్లు చూసి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం లోపలికెళ్లి చాయ్ పెట్టింది.

పెళ్లి మాట ఎత్తితే మా అవ్వ ఒప్పుకోలేదు. "దయ్యాలింటి పిల్లను తెస్తవారా?" అంది.

"ఆ ఇంట్ల నెలల సంది అన్నం తింటున్న అవ్వా. నాకేమన్న అయ్యిందా?"

"అయ్యింది గనకనే గిట్ల మాట్లాడుతున్నవ్."

అందులో కొంత నిజం లేకపోలేదు. చివరికి మా అవ్వ మెత్తబడింది, రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. అత్తను మాతో టౌనుకు రమ్మన్నాం. రానంది.

"నేను పోతే, అన్నదంత నిజమే అంటరు. ఈడనే ఉంట. ఒక్కటే బిడ్డా, పోయేనాడన్న నా నోట్ల పళ్లు ఉండాలె. బోసి నోటితోని నన్ను పంపకుండ్రి."

మా ఆవిడ మాటిచ్చింది. నా వైపు చూసింది. నేనూ తలూపాను.

అత్త ఏడేళ్లు అలాగే బతికింది. వీధిలోకి వెళితే పళ్లు కొంగున, ఇంట్లో ఉంటే నోట్లో. మేం వెళ్లినప్పుడు తలుపు వేసి, పళ్లు పెట్టుకుని, కడుపునిండా మాట్లాడేది. మొన్న ఎండాకాలంలో మేం అక్కడుండగానే, పొద్దున చాయ్ తాగుతూ గోడకు అలా ఒరిగిపోయింది. పళ్లు నోట్లోనే ఉన్నాయి.

చావు కదా, ఊరు కదిలింది. ఆడవాళ్లు స్నానం చేయిస్తుండగా నోరు చూశారు. ఆ మాట బయటికి పాకింది. పాడె కట్టినవాళ్లు చేతులు దులుపుకుని దూరం జరిగారు.

"పళ్లతోని పోతే ఊరి మీదికి మళ్ల వస్తది. తియ్యి, పాడె లేపుతం," అన్నాడు ఆ పెద్దాయనే.

ఎండ ముదురుతోంది. మోసేందుకు మా వైపు నలుగురు లేరు. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది. దారిలో మళ్లీ పెట్టేస్తానని ఆమె చెవిలో చెప్పి, అత్త పళ్లు నా చేతులతో తీసి జేబులో వేసుకున్నాను. దవడకు గుడ్డ కట్టారు. పాడె లేచేసరికి మధ్యాహ్నమైంది. ఆడవాళ్లు ఊరి చివరిదాకా వచ్చి వెనక్కి మళ్లారు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. కొడుకులు లేరు కాబట్టి నన్ను పిలవమన్నారు. మిగతావాళ్లు దూరంగా జరిగారు. నేను వంగి, "అత్తా" అని పిలుస్తూ దవడ గుడ్డ విప్పాను. నోరు తెరుచుకోలేదు. బిగుసుకుపోయింది. రెండోసారి పిలిచి, వేళ్లతో బలం చేశాను. రాలేదు. గంటలు గడిస్తే దవడ కట్టుకుపోతుందని నాకు తెలుసు, నోళ్లతోనే బతుకుతున్నవాణ్ని. పొద్దున వాళ్లు అడిగినప్పుడే తెలుసు. మూడోసారి పిలిచి, గుడ్డ మళ్లీ కట్టేశాను.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తూ అడిగింది.

"పెట్టినవా?"

"పెట్టిన," అన్నాను.