వేస్టు కాగితాల కిటికీ

ప్రెస్సులో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఆమె చేతిలో కత్తెర ఉండదు, ఆమె నడిపేది నిలువెత్తు కటింగ్ మెషీను. అయినా ఆ నోటి పదును చూశాక పేరు పెట్టినవాళ్ళని తప్పు పట్టలేం.

అచ్చు మెషీను ఆమె అన్నయ్యది. అంటే సొంతం కాదు, ఇరవై ఆరేళ్ళుగా ఆయన తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. కొత్త పని మొదలుపెట్టినప్పుడల్లా, రంగు కుదిరేదాకా మంచి కాగితం పాడుచెయ్యడం ఎందుకని పాత కాగితాలనే మళ్ళీ మళ్ళీ మెషీనులో పెడతారు. అలా ఒకే కాగితం మీద మందుల డబ్బా, పెళ్ళి కార్డు, బడిపిల్లల దేశపటం ఒకదాని మీద ఒకటి పడతాయి. అదంతా వేస్టు. గోనెసంచుల్లో కుక్కి పంపేస్తారు.

ఒక సోమవారం అలా కుక్కబోతూ కత్తెరమ్మ ఆగిపోయింది. పటంలోని నది వెళ్ళి వెళ్ళి సబ్బు పెట్టె మీది ఆకుకు నడిమి ఈనెలా పడింది. ఎవరైనా కూర్చుని గీసినా అంత చక్కగా కుదరదు. అంత అందాన్ని ఒక్కతే చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. వీధివైపు కిటికీ అద్దానికి అంటించి, కింద పెన్సిలుతో రాసింది: “ఈ వారం దొరికింది. నదిని చూడండి.”

ఇక ప్రతి సోమవారం అదే పని. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. పక్కవీధి టైలరు ఒక కాగితం మీది రంగులు చూసిపోయి, అవే రంగుల్లో గౌను కుట్టి మరీ తెచ్చి చూపించాడు.

మూడో నెలలో యజమాని పిలిచాడు.

“మన తప్పుల్ని మనమే వీధిలో పెట్టుకుంటామా అమ్మా? ఇదేనా మీ అచ్చు అని అడుగుతున్నారు. శనివారంకల్లా తీసెయ్యి.”

“తియ్యను సార్. అవి తప్పులు కావు.”

“కాకపోతే ఏంటి? అదంతా మీ అన్నయ్య చేతిపనే కదా. మాట పడేది ఆయనేగా?”

యజమానితో అయితే కత్తెరమ్మ ఎంతదాకా అయినా తేల్చుకునేది. కానీ తోడబుట్టినవాడి పరువు తనే అద్దానికి అంటించిందా? చాలా సిగ్గేసింది. నేరుగా మెషీను దగ్గరికి వెళ్ళింది.

“అన్నయ్యా, ఆ కిటికీ కాగితాల వల్ల నీకు నామోషీగా ఉందా?”

అన్నయ్య చేతులకంటిన ఇంకు తుడుచుకున్నాడు. “ఇన్నాళ్ళూ అడగలేదే?”

“నువ్వు తియ్యమంటే ఇప్పుడే తీసేస్తా. శనివారంకల్లా తియ్యాలని సార్ అన్నారు. ఆయన అంటే మాత్రం చచ్చినా తియ్యను.”

“శనివారం చూద్దాంలే.”

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి అద్దం మీద తన కాగితం పక్కన ఇంకొకటి ఉంది. అంచులు పసుపెక్కాయి, నాలుగు మడతల గీతలున్నాయి. కేలండరు అంకెల మధ్య నుంచి తలకిందులుగా పడిన గుర్రం ఒకటి దూకుతోంది. కింద అన్నయ్య కోడిగీతలు: “నాకు పదకొండేళ్ళ కిందట దొరికింది. ఎవరికీ చూపించలేదు. తప్పు నాదే.”

యజమాని కూడా వచ్చి చదివాడు. లోపలినుంచి అన్నయ్య కేకేశాడు. “రాసి పెట్టాను కదా సార్, ఇక మాటొస్తే నాకే వస్తుంది!”

“సరే, ఉండనివ్వండి,” అంటూ యజమాని ఆ గుర్రాన్ని మరోసారి చూసి లోపలికి వెళ్ళాడు.

కత్తెరమ్మ కళ్ళు తుడుచుకుని మెషీను దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“ఇలాంటివి ఇంకెన్ని దాచావు?”

అన్నయ్య జేబులోంచి తన బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.