ఇంటర్‌లో రాసిన డిగ్రీ పేపరు

మా అమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో మాటలన్నీ నావే. అందుకే ఆవిడ ఒక మాట అందంటే గోడకి మేకు కొట్టినట్టే. ఆ సాయంత్రం కూడా అలాగే అంది.

"ముందు ఆ కాలేజీ పేపరు ఒకటి పాసై చూపించు. చూపిస్తే డిగ్రీకి పంపుతాను. లేదంటే ఇంటర్ పరీక్షలవ్వగానే నాతోపాటు బస్సెక్కుదువు గాని."

బస్సంటే రొయ్యల షెడ్డు బస్సు. పొద్దున్నే మా వీధి చివర ఆగి ఆడవాళ్లందరినీ ఎక్కించుకుపోతుంది. రొయ్యల తలలు తీయడం, తొక్క ఒలవడం అమ్మ పని. ఐసు నీళ్లలో నాని నాని ఆవిడ వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. ఇంటికొచ్చాక టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు తాగకుండా కూర్చుంటుంది, ఆ వేడి కోసం.

షెడ్డంటే నాకు చిన్నచూపేం లేదు. ఆ పనే మాకు అన్నం పెట్టింది. కానీ పదో తరగతి సెలవుల్లో ఒకసారి అమ్మతో వెళ్లాను. తలుపుకి బదులు దళసరి ప్లాస్టిక్ కర్టెన్లు వేలాడుతుంటాయి. అవి నా వెనక టపటపా మూసుకున్నాక లోపలి చలికి నోరు కూడా పెగల్లేదు. నాలాంటి వాగుడుకాయకి నోరు పెగలకపోవడమంటే ఏంటో మీరే ఆలోచించండి. ఆ టపటప చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది.

అమ్మ ఆ షరతు ఊరికే పెట్టలేదు. మా పెదనాన్న కూతురు, నాకు అక్క, రాజమండ్రిలో డిగ్రీలో చేరింది. ఇంటర్ దాకా బాగా చదివిన పిల్లే. అక్కడ ఇంగ్లీషులో చెప్పే పాఠాలు అందుకోలేకపోయింది. మొదటి సెమిస్టర్‌లోనే చాలా పేపర్లు పోయాయి. ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్లు ఏడ్చి, ఏడాది తిరక్కుండా పెట్టె సర్దుకొచ్చేసింది. ఇప్పుడు షెడ్డులో అమ్మ పక్కనే నిలబడి రొయ్యలు ఒలుస్తుంది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ రాదు. వస్తే ఎవరో ఒకరు అడుగుతారు కదా, "మానేసేవంటగా, ఏవైంది?" అని.

నన్ను కూడా ఎవరైనా అలా అడుగుతారని అమ్మ భయం. అది నాకు తెలుసు. ఆవిడ భయం నాకు అంటుకుంది కూడా.

ఆ పేపరు సంగతి మా జువాలజీ సారు చెప్పారు. మా హైస్కూల్లోనే మేడ మీద ఇంటర్ నడుస్తుంది. సారు ఒకరోజు క్లాసులో ఫోను చూసి చదివారు. రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు ఇంటర్ పిల్లలకి ఆదివారాలు క్లాసులు పెట్టి, డిగ్రీ మొదటి సెమిస్టర్ పేపరు ఒకటి చెబుతారట. పాసైతే మన పేరు మీద నాలుగు క్రెడిట్లు పడతాయి. రేపు డిగ్రీలో చేరినప్పుడు ఆ పేపరు మళ్లీ చదవక్కర్లేదు.

"ఇంటర్ మార్కుల్లో కలుపుతారా సార్?" అని వెనక బెంచీ అడిగింది.

"కలపరమ్మా."

లేచిన చేతులన్నీ దిగిపోయాయి. నాది మాత్రం అలాగే ఉండిపోయింది. ధైర్యం వల్ల కాదు. ఆ పేపరు చేపల చెరువులూ రొయ్యల చెరువుల నీటి గురించని సారు అప్పుడే అన్నారు. మా నాన్న ఒక ఆసామి రొయ్యల చెరువుకి కాపలా ఉంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ నీళ్ల పక్కనే. నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంటుందిలే అనుకున్నాను.

ఉంది. చాలా ఉంది. మొదటి ఆదివారం నాన్న వెంట వచ్చారు. రామచంద్రపురం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి రాజమండ్రికి ఇంకో బస్సు, దిగాక ఆటో. కాలేజీ గేటు దగ్గర నాన్న ఆగిపోయి, "నువ్వెళ్లమ్మా, నేనిక్కడుంటాను" అన్నారు. లోపల మెళ్లో ఐడీ కార్డులు వేసుకున్న టౌను పిల్లలున్నారు. పాఠం చెప్పే సారు పొద్దున్నుంచీ ఇంగ్లీషే. నేను ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుంటూ పోయాను. డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, ఆల్కలినిటీ, సెలినిటీ. అక్క ఇలాగే కూర్చుని ఉంటుందనిపించింది.

"అర్థమయ్యిందా?" అంది అమ్మ ఇంటికి రాగానే.

"ఆఁ, బానే అయ్యింది."

"సగం అన్నా అయ్యిందా?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

మిగతా సగం నాన్న దగ్గర నేర్చుకున్నాను. సాయంత్రాలు చెరువు గట్టు మీద కూర్చుని రాసుకొచ్చింది పైకి చదివేదాన్ని. సెలినిటీ అంటే నీళ్లలో ఉప్పు. "ఓస్, ఉప్పా" అని నాన్న వంగి చెరువులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, తుపుక్కున ఉమ్మేసి, "మొన్నటి వానకి తగ్గింది" అనేవారు. మావైపు చెరువుల మీద అందరూ అంతే. మీటర్లున్నాయి, టెస్టులు చేసే ల్యాబులున్నాయి, అయినా ముందు వేలు ముంచి నాలుక్కి రాస్తారు. నాకూ చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. గట్టెక్కితే చాలు, వేలు దానంతటదే నీళ్లలోకి వెళ్లిపోయేది.

రాత పరీక్ష గట్టెక్కినట్టే అనిపించింది. ఇక ప్రాక్టికల్. అది విడిగా పాసవ్వాలి. అందులో పోతే రాతలో ఎన్నొచ్చినా క్రెడిట్లు పడవు. సరిగ్గా ఆ వారమే అమ్మ షెడ్డు నుంచి తెల్ల గమ్‌బూట్లు ఒక జత తెచ్చింది. షెడ్డులో ఆడవాళ్లు వేసుకునే రబ్బరు బూట్లు, నా సైజువి. తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది.

"ఎవరికమ్మా?"

"సూపర్‌వైజర్ ఇచ్చాడు. నీ సైజు మళ్లీ దొరకదని. ఉండనీ."

వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అవి నాకేసే చూస్తున్నట్టుండేవి. ఎదురుగా ఉంటే నిద్ర పట్టేది కాదు. వాటిని గోడవైపు తిప్పి పెట్టేదాన్ని. పొద్దున్నకి అమ్మ మళ్లీ సరిగ్గా పెట్టేసేది.

ప్రాక్టికల్ రోజు బస్సులో వాంతులు రాకుండా అమ్మ ఉప్పు మామిడి ముక్కలు కవర్లో కట్టిచ్చింది. భయానికి అన్నం దిగలేదు కానీ ఆ ముక్కలు మాత్రం రాజమండ్రి దాకా చప్పరిస్తూనే ఉన్నాను.

ల్యాబు మూడో అంతస్తులో ఉంది. బల్ల మీద నీళ్ల సీసాలు వరసగా పెట్టారు. వేరే కాలేజీ నుంచి పరీక్ష చేయడానికి ఒక మేడమ్ వచ్చారు. కళ్లజోడుకి గొలుసు, మాటకి నవ్వు లేదు. ఒక పెద్దవయసు అటెండర్ గారు తువ్వాలు భుజాన వేసుకుని గిన్నెలూ గొట్టాలూ కడుగుతున్నారు. నా చీటీలో సెలినిటీ వచ్చింది. దానికో చిన్న దుర్భిణిలాంటి పరికరం ఉంటుంది, రిఫ్రాక్టోమీటరు. గాజు పలక మీద నీటి చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే, నీలం తెలుపు కలిసేచోట, వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పుందో ఆ అంకె కనిపిస్తుంది. ఆదివారాలు ఎన్నోసార్లు చేశాను. తేలికే.

సీసా మూత తీశాను. ఇంతలో మేడమ్ నా బల్లకేసి నడిచి వస్తున్నారు. ఆ చెప్పుల చప్పుడుకి నా బుర్రలోంచి అన్నీ ఎగిరిపోయాయి. బుర్ర పోయింది కానీ చెయ్యి ఉంది కదా. దానికి తెలిసిందే అది చేసింది. వేలు సీసా మూతిలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

ల్యాబంతా నాకేసి తిరిగింది.

"నోట్లో పెట్టుకున్నావా? ఏ సీసా అది?"

నేను చూపించాను. చూపించానే కానీ వేలు వణికి పక్క సీసాకేసి కూడా పోయింది. మేడమ్ మొహం పాలిపోయింది. ఆ పక్క సీసాలో, నీటిలోని పురుగుల్ని చూపించడానికి, ఫార్మలిన్ కలిపి ఉంచారట. అది చచ్చిన జీవాల్ని కుళ్లకుండా ఉంచే మందని క్లాసులో నేనే రాసుకున్నాను. ఆ సంగతి గుర్తుకురాగానే నాలుక మండుతున్నట్టే అనిపించింది. నిజంగా మండిందో, భయమే మండిందో ఇప్పటికీ చెప్పలేను.

అటెండర్ గారు నా మోచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయారు. "ఉమ్మెయ్యమ్మా. మళ్లీ పుక్కిలించు. మింగకు. ఆయ్, అలాగ." ఈలోపు మేడమ్ మూత తీసి ఉన్న సీసాని దూరం నుంచి చేత్తో గాలి విసురుకుంటూ వాసన చూశారు. ఫార్మలిన్‌దయితే ఘాటుగా తెలిసిపోతుంది. నేను ముంచిన దాని మూతి తడిగా ఉంది. పక్కదానికి బిగించిన మూత బిగించినట్టే ఉంది.

"ఉప్పునీళ్లే," అన్నారావిడ. ఆ మాట అన్నాక కుర్చీలో కూర్చున్నారు. "బయటికెళ్లి కూర్చో."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. చావు భయం పోయింది. దాని చోట్లోకి తెల్ల బూట్లు వచ్చి నిలబడ్డాయి. లోపల గాజుసామాను చప్పుడవుతుంటే నాకు ప్లాస్టిక్ కర్టెన్ల టపటపే వినిపించింది. అమ్మకేం చెప్పాలి? పాఠం రానందుకు పరీక్ష పోలేదమ్మా, నీళ్లు నాకినందుకు పోయింది అనా? అక్క కనీసం ఇంగ్లీషు రాక వచ్చేసింది. నా సంగతి తెలిస్తే షెడ్డులో నెలల తరబడి నవ్వుకుంటారు.

అందరివీ అయ్యాక పిలిచారు.

"మీ ఇంట్లో ఎవరికైనా చెరువులున్నాయా?"

"మా నాన్న కాపలా ఉంటారండి."

"అనుకున్నాను. నాలుక్కి ఎంతనిపించింది?"

అదేం పరీక్షో అర్థం కాలేదు. "చాలా ఉందండి. పాతిక పైనే ఉంటుందండి."

"సరే, ఇప్పుడు పరికరంతో చూడు."

నా ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను, మళ్లీ నోటికి పోకుండా. ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నాకి సరిచూసి, తుడిచి, అప్పుడు చుక్క వేసి కిటికీకేసి పట్టుకున్నాను. గీత వణుకుతోంది. గీత కాదు, నేనే. ఊపిరి బిగబట్టి చూశాను. మళ్లీ తుడిచి మళ్లీ చూశాను.

"పది వచ్చిందండి."

"పాతిక పైనే అన్నావ్."

పరికరాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టేశాను.

"పొద్దున్నేం తిన్నావ్?"

"ఉప్పు మామిడి ముక్కలండి. బస్సులో వాంతులు కాకుండా."

అటెండర్ గారు తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నారు. మేడమ్ మాత్రం అలాగే ఉన్నారు. "మామిడికాయ ఉప్పు కూడా చెరువు లెక్కలో వేశావన్నమాట. ల్యాబులో ఏదీ నోట్లో ఎందుకు పెట్టకూడదో ఇప్పుడు చెప్పు."

రెండు కారణాలు చెప్పాను. ఆ రోజు ఆ ప్రశ్నకి నాకన్నా బాగా జవాబు తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

"జాగ్రత్తకి పెట్టిన మార్కులు ఒక్కటీ ఇవ్వను. మిగతావాటిలో ఎన్నొస్తే అన్ని. వెళ్లు," అన్నారు. మళ్లీ పిలిచి, "మీ నాన్నగారికి కూడా చెప్పు, చెరువుల్లో మందులు వేస్తున్నారు, నోట్లో పెట్టుకోవద్దని," అన్నారు.

ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పేశాను. దాచడం నా నోటికి చేతకాదు. నాన్న మొదట నవ్వారు. "నీ నాలుకకి మార్కులెయ్యలేదా మరి?" అన్నారు. ఫార్మలిన్ అనగానే ఆ నవ్వు ఆగింది. చాలాసేపు తన వేలు చూసుకుంటూ కూర్చున్నారు. అమ్మ లేచి గమ్‌బూట్లకి పట్టిన దుమ్ము తుడిచింది.

ఫలితాలొచ్చేదాకా ఫోను మోగినప్పుడల్లా ముందు నేనే పరిగెత్తేదాన్ని. అక్క ఒకసారి ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, "షెడ్డులో మొదట్లోనే చలిగా ఉంటుంది, తర్వాత తెలీదు," అంది. ధైర్యం చెప్పడానికే అంది. నేను లేచి బూట్లు మళ్లీ గోడవైపు తిప్పాను.

జువాలజీ సారే ఫోను చేశారు. పాసయ్యాను. ప్రాక్టికల్‌లో అంచు మీద. నా పేరు మీద నాలుగు క్రెడిట్లు పడ్డాయని ఫోనులో పంపారు. అమ్మ చేతులు తుడుచుకుని ఫోను తీసుకుని, చదవడం రాకపోయినా ఆ నాలుగు అంకె మీద వేలు పెట్టింది.

"ఇవి మళ్లీ తీసేసుకోరు కదా?"

"తీసుకోరమ్మా."

"నువ్వక్కడ చేరి, చదవలేక వచ్చేసినా?"

"వచ్చేసినా ఇవి నావేనట."

అమ్మ ఫోను నా చేతికిచ్చింది. "మీ అక్కప్పుడు ఇలాంటిది లేదు," అంది. అంతే. మర్నాడు పొద్దున్న గమ్‌బూట్లు సంచీలో పెట్టుకుని షెడ్డు బస్సెక్కింది, తిరిగిచ్చేయడానికి.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎగిరి గంతెయ్యాలనుకున్న రోజు అది. కానీ ఆ బూట్లున్నచోట ఖాళీ చూస్తే గంతు రాలేదు. ఒక పేపరే కదా అయ్యింది. డిగ్రీలో ఇంకా ఎన్ని పేపర్లో, ఎన్ని సీసాలో. వెనక్కొస్తే వేసుకోవడానికి ఇక బూట్లు కూడా లేవు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికెళ్లి, ఎందుకైనా మంచిదని, నాలుక మీదికి పోయే ఆ వేలితో సహా చేతులు సబ్బుతో కడుక్కున్నాను.