కిటికీ మూయనివ్వని మా అత్త

మా మేనత్త పోయింది. సెలవు మీద ఊరెళ్ళి నెలన్నా కాలేదు. పొద్దున్నే కూర తరుగుతూ కూలబడిపోయిందట, గుండె ఆగిపోయిందన్నారు. తమ్ముడు ఫోన్ చేసేటప్పటికి నేను ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, బుదైయాలో మేడం గారి హాల్లో సోఫాల కింద తడిగుడ్డ పెడుతున్నాను. గుడ్డ అక్కడే వదిలేసి నేల మీద కూర్చుండిపోయాను.

సనాబిస్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరిదీ ఇళ్ళల్లో పనే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, నిజం చెప్తాను, ఆవిడ నన్ను వేపుకు తినేసింది.

ఇక్కడి దుమ్ము మన ఊళ్ళ దుమ్ములా ఉండదు. జల్లించిన పిండిలా ఉంటుంది. కిటికీ మూసినా సందుల్లోంచి వచ్చేస్తుంది. నాకేమో ఆయాసం. ఈవిడేమో తెల్లారేసరికి కిటికీ బార్లా తీసి, పొడి చీపురుతో గదంతా ఊడ్చేది.

"అత్తా, చీపురేస్తే దుమ్ము లేచి మళ్ళీ మంచం మీదే పడుతుంది. తడిగుడ్డ పెట్టు."

"ఊడవని నేల మీద తడి పెడితే బురదౌద్ది. నాకు నేర్పకే. పొద్దుటేళ కిటికీలు మూసుకుంటే లచ్చిందేవి ఎలాగొస్తాది?"

"లక్ష్మి రావట్లేదు, ఇసకొస్తోంది!"

"దాంతోపాటే వస్తాదేమో, నీకేం తెలుసు?"

ఏసీ జాలీ కడుగుదామంటే "మొన్నేగా కడిగాం" అనేది. ఆ మొన్న ఎప్పుడో రంజాన్ ముందు. చెప్పులు బయట విడవమంటే విడిచేది, మళ్ళీ ఫోన్ మరిచానంటూ అవే వేసుకుని లోపలికొచ్చేది.

ఓ శుక్రవారం గాలి దుమారం లేచింది. నేను స్నానం చేసి వచ్చేసరికి కిటికీ తీసే ఉంది, గదంతా పచ్చటి దుమ్ము. ఊపిరందక గోడ పట్టుకుని జారిపోయాను. అత్త పరుగెత్తుకొచ్చి కిటికీ మూసి, నన్ను లేపి కూర్చోబెట్టి, మందు పీల్చే గొట్టం నోట్లో పెట్టింది. "పీల్చవే, పీల్చు తల్లీ" అంటూ వీపు రాస్తూనే ఉంది. నాకు ఊపిరి తిరిగాక కూడా ఆ గొట్టం నా నోటి దగ్గర్నుంచి తియ్యలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి, తన పాత నేతచీర పీలికలు చేసి కిటికీ సందుల్లో కూరుతోంది. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టింది. చీపురు బయట మెట్ల మీదకి పోయింది. తడిగుడ్డతో నేల తుడుస్తూ కూడా సణుగుడు మాత్రం మానలేదు.

"జాడీలో ఆవకాయలా ఉంది మన బతుకు. గాల్లేదు, వెలుతురు లేదు."

"మరెందుకు మూశావ్?"

"నువ్వు బతికుండాలి గదే, నాతో దెబ్బలాడ్డానికి."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కిందికెళ్ళి, వీధి తలుపు దగ్గర కాసేపు నిలబడి వచ్చేది. ఎందుకని అడిగితే, "లచ్చిందేవికి మన గది ఎక్కడో చెప్పొద్దా?" అనేది. పైకొచ్చే ముందు చీర దులుపుకోమని మళ్ళీ నేనే అరవాలి.

ఊరెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో నేనే దిగబెట్టాను. పాస్‌పోర్టు చూపించే వరసలో తన వంతు రాగానే ఆగిపోయి, వెనక్కి తిరిగి, అంత జనంలోంచి కేకేసింది.

"తలారకుండా ఏసీ కింద పడుకోకే!"

సిగ్గుతో చచ్చిపోయాను. "సర్లే, ముందు నువ్వెళ్ళు!" అని నేనూ అరిచాను. వెనకవాళ్ళు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. ఆవిడ కదల్లేదు. నేను సరేనని తల ఊపేదాకా, వరసంతా ఆపేసి, నా వైపు వేలు చూపిస్తూ అలాగే నిలబడింది.