వరసలో నేర్పిన ఫుట్‌బాల్

ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ కోను కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రోడ్డు పని జరిగే చోట అడ్డంగా పెట్టిన కోను అయినా సరే, స్కూటరు ఆపి దాన్ని ఒక్క తన్ను తన్నాలనిపిస్తుంది. ఏడాదిన్నర పాటు ఆ కోన్ల మధ్య ఆడపిల్లలను వంకర టింకరగా పరిగెత్తించి, దానికి ఫుట్‌బాల్ అని పేరు పెట్టి, కాలర్ ఎగరేసుకుని తిరిగిన పీఈటీ మాస్టర్ని నేనే. కాబట్టి ఈ కోపంలో సగం నా మీదే.

అసలు నాకు ఫుట్‌బాల్ రాదు. నేను వాలీబాల్ మనిషిని. కాలేజీ రోజుల్లో నెట్టు దగ్గర ఎగిరి కొట్టడమే తప్ప కాలితో బంతిని ముట్టుకున్న పాపాన పోలేదు. పర్చూరు దగ్గర రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు స్కూల్లో పదేళ్ళు పిల్లల చేత గుంజీలు తీయించాక, ఒకరోజు మా కరస్పాండెంట్ గారు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అందులో ఏదో పెద్ద నగరం స్కూలు వీడియో. పచ్చటి గడ్డి, తెల్ల బూట్లు, కోన్ల మధ్య బంతి నడుపుకుంటూ పోతున్న ఆడపిల్లలు. "మనకీ కావాలి మాస్టారూ" అన్నారు, కొడుకుకి సైకిలు అడిగినంత తేలిగ్గా.

మాది నల్లరేగడి నేల. వానొస్తే బూటుకి ముద్దలు ముద్దలుగా మట్టి అంటుకుంటుంది, ఎండలు ముదిరితే చెయ్యి దూరేంత బీటలు. ప్రహరీ అవతల మిరపకాయలు ఎండబోసే కల్లం. గాలి ఇటు తిరిగిందంటే ప్రార్థన మధ్యలో స్కూలు స్కూలంతా తుమ్ముతుంది. ఆ నేల మీద ఆడితే తెల్ల బూట్లు మాసిపోతాయని గ్రౌండులో ఒక మూల ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. రెండు క్లాసు గదులు కలిపినంత. దాని మీద మ్యాచ్ ఎలా ఆడతారు? మొదటి రోజే ఒక పిల్ల కాస్త గట్టిగా తన్నితే బంతి గోడ దాటి మిరపకాయల్లో పడింది. కల్లం ఆసామి దాన్ని తెచ్చిస్తూ, "ఏమయ్యో మేష్టరూ, ఇంకోసారి పడిందంటే కోసి కూరొండుకుంటా" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ బంతి ముట్టుకున్న పిల్లలందరికీ సాయంత్రం దాకా కళ్ళు మంటలు.

"మ్యాచ్‌కి స్థలం చాలదండీ" అని కరస్పాండెంట్ గారికి చెప్పాను.

"మ్యాచ్ ఎందుకు మాస్టారూ?" అన్నారాయన. "మ్యాచ్‌లో ఎవరో ఒకరు ఓడిపోతారు. ఓడిన పిల్ల ఇంటికెళ్ళి ఏడుస్తుంది. వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేస్తాడు. డ్రిల్లులో ఎవరూ ఓడరు. పైగా కాన్ఫిడెన్సు పెరుగుతుంది."

ఆ మాట విని నవ్వాల్సింది. నవ్వలేదు. ఎంత తెలివైన మనిషో అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే అలా అనుకున్నాను.

టౌనుకి పోయి, బ్రాడీపేటలో ఆటసామాన్ల షాపులో రెండు డజన్ల కోన్లు తెచ్చాను. రాత్రుళ్ళు ఫోన్లో వీడియోలు చూసి, పొద్దున్నే పిల్లలకి చూపించేవాణ్ణి. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇరవై నలుగురు, నాలుగు వరసలు. విజిల్ వేస్తే వరసలో ముందున్న పిల్ల కోన్ల మధ్యనుంచి బంతి నడుపుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి, వెనకున్న అమ్మాయికి అందించి, తను పోయి వరస చివర నిలబడాలి. మళ్ళీ విజిల్. బయల్దేరే ముందు పిడికిలి పైకెత్తి "ఐ కెన్ డూ ఇట్!" అని అరవాలి. అది కరస్పాండెంట్ గారి సొంత ఆలోచన. కాన్ఫిడెన్సు అందులోనే ఉందట. అది తప్ప గ్రౌండులో ఇంకో మాట వినబడకూడదు. వినబడితే ఒక రౌండు పరుగు. ఆ రూలు మాత్రం నాది.

ఒక్కో పిల్లకి బంతి దొరికేది ఎంతసేపు? వరసలో నిలబడి ముందున్న జడ చూస్తూ ఉండటమే పిరియడ్ అంతా. అది నాకు అప్పుడు కనబడలేదు. వరస తిన్నగా ఉందా లేదా అన్నదే కనబడింది.

ఆ ఇరవై నలుగురిలో ఒక అమ్మాయి ఉండేది. వరసలో చేరినప్పుడు ఎనిమిదో తరగతి. పర్చూరులో వాళ్ళ నాన్నకి పరుపుల దుకాణం. దూది ఏకి, పరుపులు కుట్టి ఇచ్చే పని ఆ ఇంట్లో తాతల నాటిది. సాయిబుల కుటుంబం, తరతరాలుగా ఆ ఊరివాళ్ళే. ఈ పిల్ల క్లాసులో నోరు విప్పదని టీచర్లందరి ఫిర్యాదు. నా వరసలో మాత్రం ఆణిముత్యం. కోను ఒక్కటి కదిలేది కాదు, బంతి కాలికి అంటించినట్టు వెళ్ళేది, విజిల్‌కి ముందు కాదు, తర్వాత కాదు. కరస్పాండెంట్ గారు ఆమెను ప్రతి వీడియోలోనూ ముందు నిలబెట్టించేవారు.

వాళ్ళ నాన్న ఒకసారి స్కూలుకి వచ్చాడు. కనురెప్పల మీద కూడా దూది నలుసులు. "మాస్టారూ, ఇంట్లో ఆడోళ్ళు ఆట ఇంక చాలు, మాన్పించమంటన్నారు" అన్నాడు. "నేనే వాళ్ళని ఆపాను. ఒక్క ఆట నా కళ్ళతో చూస్తా. దానికి అందులో మనసుంటే పదో తరగతి దాకా ఎవరేమన్నా నేను చూసుకుంటా. లేదంటే ఎందుకండీ, ఆ టైములో ఇంత చదువుకుంటది."

"మీరు చూడండి, మీ అమ్మాయి ఎలా ఆడుతుందో!" అన్నాను. ఎంత ధీమా!

పేరెంట్స్ డే నాడు డ్రోను ఎగరేసి వీడియో తీశారు. పైనుంచి చూస్తే నాలుగు వరసలు, ఇరవై నాలుగు జడలు, ఒకేసారి కదిలే కాళ్ళు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వీడియో నా పాత క్లాస్‌మేట్ కంటబడింది. వాడు పక్క మండలంలో ప్రభుత్వ హైస్కూలు పీఈటీ. ఫోన్ చేసి, "ఏరా, టీవీ వాళ్ళలా చేశావుగా! మా పిల్లలతో ఒక్క మ్యాచ్ ఆడించరాదూ?" అన్నాడు. కరస్పాండెంట్ గారు మొదట వద్దన్నారు. ఎదటివాళ్ళు బూట్లు కూడా లేని పిల్లలని తెలిశాక ఒప్పుకున్నారు. ఫొటోగ్రాఫర్‌ని కూడా వెంట పంపారు.

నేను పరుపుల దుకాణానికి వెళ్ళి మరీ ఆ తండ్రిని పిలిచాను.

ఆ ప్రభుత్వ స్కూలు గ్రౌండు దున్నకుండా వదిలేసిన చేలా ఉంది. గోలుపోస్టులకి సరుగుడు కర్రలు. ఆ పిల్లలు ఒట్టి కాళ్ళతో, చున్నీలు నడుముకి బిగించి కట్టుకుని వచ్చారు. ఆట మొదలు కాగానే గోల. "ఏమే, ఇటెయ్యవే!" "నీ ఎనకాల చూసుకోవే!" "అబ్బా, కళ్ళు దొబ్బాయా నీకు?" ఒకటే కేకలు. మా పిల్లలు నోరెత్తలేదు. ఒకరినొకరు పిలవాలని వాళ్ళకి తెలియదు. ఎలా తెలుస్తుంది? మాట్లాడితే రౌండు కొట్టించింది నేనేగా.

బంతి మా పరుపుల దుకాణం అమ్మాయి కాళ్ళ దగ్గరికి వచ్చింది. చక్కగా ఆపింది. పిడికిలి పైకెత్తి "ఐ కెన్ డూ ఇట్!" అని అరిచింది. అది పూర్తయ్యేలోపు అవతలి పిల్ల వచ్చి బంతి తీసుకుపోయింది.

గట్టు మీద జనం గొల్లుమన్నారు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. కాసేపటికి మళ్ళీ ఆమెకే బంతి వచ్చింది. ఈసారి అరవలేదు, పక్కనున్న మా అమ్మాయికి అందించింది. అందించి, తన వంతు అయిపోయిందన్నట్టు వెనక్కి నడిచి మా ఇంకో పిల్ల వెనకాల నిలబడింది. ఆమె వెనక ఇంకొకతె వచ్చి నిలబడింది. ఆట నడి మధ్యలో, బంతి ఎటో పోతుంటే, మా పిల్లలు నలుగురు ఒకరి జడ ఒకరు చూసుకుంటూ వరస కట్టారు. జనం నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. నా క్లాస్‌మేట్ నవ్వలేదు. నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. దానికంటే వాడు నవ్వి ఉంటే నయం.

గ్రౌండు చివరికి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. గోల్స్ ఎన్నయ్యాయో లెక్కపెట్టలేదు.

మ్యాచ్ అయ్యాక పిల్లల దగ్గరికి వెళ్ళాను. తిట్లు తినడానికి కూడా ఎత్తుల వారీగా నిలబడ్డారు. ఒక్కరూ ఏడవడం లేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి సార్, సరిగ్గా చేస్తాం అన్నట్టు నా మొహంలోకే చూస్తున్నారు. తప్పు వాళ్ళది కాదని చెప్పడానికి నోరు రాలేదు. "వ్యాను ఎక్కండి" అన్నాను.

పరుపుల దుకాణం అమ్మాయి నాన్న మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. "ఒక వారం టైమివ్వండి మాస్టారూ, ఆలోచించుకుని చెబుతా" అన్నాడు. కోపం లేదు గొంతులో. కూతురి తల మీద చెయ్యి వేసి, మోపెడ్ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కరస్పాండెంట్ గారు ఫొటోలన్నీ డిలీట్ చేయించారు. "గ్రౌండ్ బాగాలేక మ్యాచ్ జరగలేదని చెప్పండి" అన్నారు. ఆ తర్వాత అన్న మాట ఇంకా అసహ్యం. "వచ్చే నెల కొత్త వీడియో తీద్దాం. ఆ పరుపులాయన కూతురు మాత్రం ఉండాలి మాస్టారూ. వరసకి ముందు ఆ పిల్లే బాగుంటుంది. మీరెళ్ళి వాళ్ళ నాన్నకి నచ్చజెప్పండి."

ఆయన్ని తిట్టుకుంటూనే వారం తిరక్కుండా బయల్దేరాను. ఆయన చెప్పాడని మాత్రమే కాదు, దాస్తే ఏం లాభం? ఆ పిల్ల లేకపోతే నా వరస నాకే బోసిగా కనబడింది. ఇంత జరిగాక కూడా! దారంతా తండ్రికి చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ఒక్క మ్యాచ్‌తో ఏం తెలుస్తుందండీ, పిల్లలో కాన్ఫిడెన్సు ఇప్పుడిప్పుడే వస్తోంది, మధ్యలో ఆపేస్తే పాడైపోతుంది. ఇవీ నా మాటలు.

దుకాణంలో ఎవరూ లేరు. వెనకవైపు నుంచి అరుపులు వినబడితే సందులోంచి అటు వెళ్ళాను. ఏకిన దూది ఆరబోసే ఖాళీ జాగా అది. పరుపు గుడ్డలో దూది కూరి కుట్టిన బంతి ఒకటి, చిన్న చిన్న పిల్లలు ముగ్గురు, వాళ్ళ మధ్యలో మా వరసలోని ఆ అమ్మాయి. చెప్పుల జత గోలుపోస్టు. ఆమె బంతిని ఒకడి కాళ్ళ మధ్యనుంచి లాగేసి, ఇంకొకతెని భుజంతో తోసి, పడబోయి, పడకుండా నిలదొక్కుకుని తన్నింది. "గోల్!" అని ఒక్క కేక. "కాదు, చెప్పు మీద నుంచి పోయింది" అన్నాడు చిన్నోడు. "నీ మొహం! కళ్ళు పెట్టుకుని చూడరా, లోపలే పోయింది, కావాలంటే మళ్ళీ తంతా చూడు!" అని వాడి మీదికి పోట్లాటకి వెళ్ళింది. ఏడాదిన్నరలో ఆ గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ ఆట కూడా ఎప్పుడూ చూడలేదు. ఇంత ఆట ఇంట్లో పెట్టుకుని వచ్చి, నా ముందు కోన్ల చుట్టూ తిరిగింది పాపం.

అప్పుడు నన్ను చూసింది. చేతిలో ఉన్న చిన్నోడి చొక్కా వదిలేసింది. బంతిని కాలి కింద ఆపింది. ఆ ముగ్గురినీ భుజాలు పట్టుకుని తన వెనకాల ఒకరి తర్వాత ఒకర్ని నిలబెట్టి, "గుడ్ ఈవినింగ్ సార్" అంది.

"ఆడవా అక్కా?" అన్నాడు చిన్నోడు.

"ష్" అంది.

వెనక తలుపులోంచి వాళ్ళ నాన్న వచ్చాడు, తల నిండా దూదితో. "రండి మాస్టారూ, కూర్చోండి. మీకు కబురు పెడదామనే అనుకుంటన్నా. ఎటూ తేల్చుకోలేకపోతన్నానండీ. మీరేమంటే అదే చేస్తా."

"పంపకండి" అన్నాను. "ఆ మాట చెప్పడానికే వచ్చాను."

అబద్ధమాడాను. నా ఉద్యోగంలో ఆ పిల్లకి నేను చేసిన మేలు అదొక్కటే.