లిఫ్టు తాతయ్య వేలు

పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక కొందరు కాఫీ తాగుతారు, కొందరు పేపరు తిరగేస్తారు. లిఫ్టు తాతయ్య మాత్రం వీధిలోవాళ్ళందరి పెరళ్ళలోనూ వేలు పెట్టేవాడు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే పెట్టేవాడు. ఆరు కొట్టగానే పిట్టగోడల వెంబడి బయల్దేరి, స్వీట్ కార్న్ మడి ఎక్కడ బోసిగా కనబడితే అక్కడ వంగి, కుడిచేతి చూపుడువేలు ఒక్క కణుపు లోతున మట్టిలో గుచ్చి, "పైకి!" అనేవాడు. తలుపులు తెరుచుకుంటాయేమో అన్నట్టు ఓ క్షణం ఆగేవాడు. ఆనక జానెడు జరిగి మళ్ళీ గుచ్చి, మళ్ళీ "పైకి!"

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఏడంతస్తుల ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు లిఫ్టు నడిపిన మనిషి. రోగుల్నీ, డాక్టర్లనీ, పాల క్యానుల్నీ, అప్పుడే పుట్టిన పిల్లల్నీ ఆ వేలితోనే పైకీ కిందకీ చేరవేశాడు. ఆయన రిటైరయ్యాడు గానీ, వేలు రిటైరవ్వడానికి ఒప్పుకోలేదు.

టైలరమ్మ భర్తతో, అత్తగారితో, కుట్టుమిషనుతో ఆ వీధికి కాపురం వచ్చిన తొలివారంలోనే ఆయన చొక్కా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"జేబు మార్చాలి తల్లీ."

ఆమె చొక్కా అటూ ఇటూ తిప్పి చూసింది. కాలరు కొత్తది, చేతులు కొత్తవి. జేబు మాత్రం వేలితో ముట్టుకుంటే పీలికలై వచ్చేసింది.

"జేబొక్కటే ఎలా కుళ్ళింది తాతయ్యగారూ?"

"చెమట."

"ఎడమవైపుకే పడుతుందా మీకు చెమట?"

"గుండె ఉన్నది అటేగా!" అనేసి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు తిరక్కుండా మరో చొక్కా, మరో కుళ్ళిన జేబు. ఏడాదికి ఆరు జేబుల చొప్పున కుడుతూ "తాతయ్యగారూ, లోపల చేపలేమైనా పెంచుతున్నారా?" అని టైలరమ్మ అడిగేది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని నవ్వేవాడు. మామ్మగారు, అంటే ఆయన భార్య, ఈ విషయంలో ఏనాడో ఆశ వదులుకున్నారు. "రిటైరయ్యాక మనిషి కారడం మొదలెట్టాడమ్మా" అనేవారు. ఒకసారి ఆవిడ చొక్కా బకెట్లో నానబెడుతుంటే తెల్లటి తోక ఉన్నదేదో నీళ్ళ మీద తేలిందట. ఆవిడ వేసిన కేకకి తాతయ్య పరుగెత్తుకొచ్చి, దాన్ని అరచేతిలో పెట్టుకుని మాయమయ్యాడట. అది పురుగేనని ఆవిడ పట్టు, ఎవరు కాదన్నా వినరు.

ఇక ఆయన రోగనిర్ణయాలు వీధిలో సామెతలైపోయాయి. మూలింటి కండక్టరు మడికి రోజుకి మూడుసార్లు నీళ్ళు పెట్టేవాడు. తాతయ్య వేలు గుచ్చి, వాసన చూసి, "ఇది మడి కాదురా, ఈత కొలను. నీ గింజలు మునిగిపోయాయి" అన్నాడు.

"మీ వేలికి అంత తెలుసా?"

"నీకు బస్సు నిండిందని తెలియదూ? అలాగే. వారం పాటు ఒక్క చుక్క పొయ్యకు."

వారం తిరక్కుండా కండక్టరు మడిలో వరసగా పచ్చని నాలుకలు లేచాయి. నా చెయ్యి మంచిదని కండక్టరు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. తాతయ్య కూడా అదే మాట అన్నాడు. "నాదేముందిరా, నీ చేతి చలవ!"

ఈ తమాషా టైలరమ్మకి తమాషాగా కనబడని రోజు ఒకటి వచ్చింది. ఆమె దగ్గర ఒక బొత్తాల డబ్బా ఉండేది. అందులో పంతొమ్మిది స్వీట్ కార్న్ గింజలు. చనిపోయిన వాళ్ళ నాన్నగారు తన పెరట్లో ఏటా వేసి, ఏటా ఎత్తిపెట్టిన విత్తనం. బతికుండగా ఆయన తన చేత్తో ఇచ్చిన ఆఖరి గుప్పెడు. ఆ డబ్బాని ఆమె ఇస్త్రీ బల్ల పైనున్న అరలో, కళ్ళెదుట, మూడేళ్ళు భద్రంగా దాచుకుంది. ఆ ఏడాది ధైర్యం చేసి పన్నెండు గింజలు తీసి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిట్టలు పెరక్కుండా బాగా లోతుగా పాతిపెట్టింది. మర్నాటి నుంచి ముసురు పట్టుకుంది. పదిహేను రోజులు గడిచినా మడి మడిలాగే ఉంది.

పదహారో రోజు పొద్దున పెరట్లోంచి "పైకి!" అని వినబడింది.

"అమ్మాయ్, ఎవరో మన మట్టికి కాలింగ్ బెల్లు నొక్కుతున్నారు చూడు" అన్నారు అత్తగారు.

టైలరమ్మ మెడలో టేపుతోనే విసురుగా బయటికి వచ్చింది. "తాతయ్యగారూ, ఎవరి మడిలోనైనా పెట్టుకోండి మీ వేలు. ఇందులో వద్దు. ఇవి మా నాన్నవి."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. ముఖంలో నవ్వు పోయింది. "ఎంత లోతు పెట్టావు తల్లీ?"

ఆమె వేలు చూపించింది. మూడు కణుపులూ.

"ఒకటో అంతస్తులో దింపాల్సినవాళ్ళని బేస్‌మెంటులో దించేశావు. పైగా ముసురు, చల్లటి నేల. చూడ్డానికే ముడతలు పడ్డ గింజ కదా ఇది. తీపి ఎక్కువ, ఓపిక తక్కువ. చలి తగిలితే కుళ్ళిపోతుంది. డబ్బా ఎక్కడ పెట్టావు?"

చెప్పింది. ఆయన వేలికంటిన మట్టి దులుపుకున్నాడు.

"రోజూ ఇస్త్రీ వేడి తగిలే చోట."

"భద్రంగా ఉంటుందనుకున్నాను" అంది టైలరమ్మ.

"ప్రేమగా చేసే తప్పులన్నీ అలాగే ఉంటాయిలే. ఇంకెన్ని ఉన్నాయి?"

"ఏడు. ఇవ్వను. ఇవీ పోతే ఇంకేం మిగల్దు నాకు."

"డబ్బాలో ఉంటే మిగుల్తాయా తల్లీ? అక్కడ రోజుకింత పోతూనే ఉన్నాయి."

ఆమె కదల్లేదు. గుమ్మంలోంచి అత్తగారే కలగజేసుకున్నారు. "ఇవ్వవే. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కళ్ళని కూడా మధ్యలో వదిలెయ్యలేదట ఆయన."

"ఒక్కసారి లిఫ్టు ఆగిందండీ. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా" అన్నాడు తాతయ్య. "అయితే నేనూ లోపలే ఉన్నాను."

టైలరమ్మ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. ఏడు గింజలూ ఆయన అరచేతిలో పోసి మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత రోజులు నడవలేదు, పాకాయి. పొద్దున ఆయన గోడ దగ్గరికి రాగానే ఆమె అడిగేది. "ఏమైంది?"

"తలుపులింకా తెరుచుకోలేదు."

మామ్మగారు జాకెట్టు కొలతలకి వచ్చి వాపోయారు. "ఏం రోగమో తెలీదమ్మా, వారం రోజులుగా వెల్లకిలా పడుకుంటున్నాడు. చొక్కా విప్పడు. పక్కకి తిరగమంటే 'నలిగిపోతాయి' అంటాడు. ఏం నలిగిపోతాయో ఆయనకీ ఆ దేవుడికీ తెలియాలి. ఆ గురకకి నేను నలిగిపోతున్నాను."

తొమ్మిదో రోజున తాతయ్య వచ్చి జానెడు ఎర్రదారం అడిగి పుచ్చుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. నాలుగు రోజులు ఎండ తగిలి నేల వెచ్చబడ్డాక, ఆరు కాకముందే, బొత్తాం కాజాలు కుడుతున్న టైలరమ్మ కిటికీలోంచి చూసింది.

లిఫ్టు తాతయ్య ఆమె మడిలో వంగి ఉన్నాడు. వేలు గుచ్చాడు. "పైకి!" అన్నాడు. తర్వాత ఎడమచెయ్యి జేబులోకి పోయింది. తడిగుడ్డ మడత విప్పి, తెల్లటి తోకున్న గింజ ఒకటి తీసి, ఉగ్గుపాలు పట్టినంత నెమ్మదిగా ఆ గుంటలోకి దించి, పైన మట్టి కప్పాడు. పక్కన ఒక పుల్ల గుచ్చి దానికి ఎర్రదారం కట్టాడు.

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. కుళ్ళిన జేబులు, మామ్మగారి పురుగు, వెల్లకిల పడక, కండక్టరు చేతి చలవ అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాయి. మెల్లగా పెరట్లోకి నడిచింది.

"ఎన్ని మొలిచాయి, తాతయ్యగారూ?"

దొంగతనం బయటపడ్డవాడిలా ఆయన తల గోక్కున్నాడు. "మూడు. దారం కట్టినవి మీ నాన్నవి. మిగతా తొమ్మిదీ నావి, తోడుకి పెట్టాను. మొక్కజొన్న ఒంటరిగా ఉంటే కంకి నిండదు. నావి నీవని చెప్పి నిన్ను మోసం చెయ్యడం ఇష్టంలేక దారం అడిగాను. వచ్చే ఏటికి గింజల్లో సగం మీ నాన్న, సగం మన వీధి. ఫరవాలేదా?"

ఆమె తల ఊపింది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక చివరికి నవ్వే నవ్వింది. "మరి కండక్టరు మడి కూడా...?"

"ష్! వాడికి చెప్పకు. తన చెయ్యి మంచిదనుకుంటున్నాడు, అనుకోనీ. అలా అనుకున్నవాడే మళ్ళీ విత్తుతాడు. మొలిపించేవాడు పైనున్నాడు, మనం మీట నొక్కేవాళ్ళం, అంతే."

ఆ మూడు మొక్కలూ ఆమె భుజాలు దాటి పెరిగాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె ఆయన జేబులు కుట్టింది. అయితే అడక్కుండానే లోపల రెయిన్‌కోటు గుడ్డ వేసి కుట్టేది. ఏడాదికి ఆరు జేబులు పోయి రెండేళ్ళకి ఒకటైంది. ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది. "కారడం తగ్గిందమ్మా, ఏ దేవుడు కనికరించాడో!" అని మామ్మగారు మాత్రం కొబ్బరికాయ కొట్టినంత సంబరపడ్డారు.

ఒక ఏడాది విత్తనాల వేళకి తాతయ్య నడుము మీద చెయ్యి వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"డాక్టరు ఇంక వంగొద్దన్నాడు తల్లీ. ఒక్క సాయం చేసిపెట్టాలి."

"జేబేగా? ఇలా ఇవ్వండి చొక్కా."

ఆయన ఖాళీ చేతులు చూపించాడు. "ఈసారి నాక్కాదు. నీ రవికెకే కుట్టుకో, ఎడమవైపు, లోపల ఆ రెయిన్‌కోటు గుడ్డే వేసి. కండక్టరు మళ్ళీ ఈత కొలను తవ్వాడు. గుచ్చేటప్పుడు మాత్రం 'పైకి' అని గట్టిగా అనడం మరిచిపోకు. విన్నవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకునేవాళ్ళెవరూ జేబు వంక చూడరు."