చుక్క లేని చీటీ

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ చీటీల మాస్టారు అనేవారు. ముప్పయ్యేళ్ళుగా ఆయన పని ఒకటే. ఒక్కో ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో, ఎలా మారిందో తెలుగులో ఒక్కో చీటీ మీద రాయడం. ఆ చీటీ తిన్నగా ఎడిటరు బల్ల మీదికి పోయేది కాదు, ముందు ఇంటికెళ్ళేది. ఐదో క్లాసుతో చదువాపేసిన భార్య చిక్కుళ్ళు ఒలుస్తూ వినేది.

"మీకైనా అర్థమైందా ఇది?" అనేది నచ్చకపోతే. ఆయనకు ఒళ్ళు మండిపోయేది. గొణుక్కుంటూనే తిరగరాసేవాడు. చివరికి ఆమె తలూపి, చీటీ మూలన పెన్సిలుతో చుక్క పెట్టేది. చుక్క పడని చీటీ ఒక్కటీ ఆఫీసు గడప తొక్కలేదు. ఆ చుక్క ఎవరిదో మాత్రం ఈ మహానుభావుడు ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. ఎడిటరు మెచ్చుకుంటే ఆ మెప్పంతా తనే మూటగట్టుకునేవాడు.

'డి' అక్షరం నడుస్తుండగా ఆమెకు జ్వరం తగిలింది. నాలుగో రోజుకి, ఆసుపత్రిలో, మాటలకు పొంతన లేకుండా పోయింది.

"డెలీరియం," అన్నాడు డాక్టరు.

ఆ మాట చీటీ ఆయన సంచిలోనే ఉంది. మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, బతిమాలుతున్నట్టు చదివాడు.

"ఇది లాటిను నుంచి వచ్చిందే. లీరా అంటే నాగటి చాలు. దున్నుతూ దున్నుతూ చాలు తప్పి పక్కకి పోవడాన్ని మొదట్లో ఇలా అనేవాళ్ళట. తర్వాత మతి తప్పడానికీ అదే మాటయింది. అర్థమైందా? ఒక్కసారి తలూపవే."

చిన్నప్పుడు తండ్రి నాగలి వెనకాల విత్తనాలు జారవిడుస్తూ నడిచిన పిల్ల ఆమె. ఇప్పుడు భర్త ముఖంలోకి చూసి, "నాన్నా, ఎడ్లు పక్కకి లాగేస్తున్నాయి, పట్టుకో," అంది.

"పట్టుకున్నానమ్మా," అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి చూశాడు. జారి కిందపడింది.

మర్నాడు పొద్దున ఆమె పోయింది.

రెండు వారాల తర్వాత ఆయన ఆ చీటీ ఆఫీసులో ఇచ్చాడు. ఎడిటరు చదివి, మూల చూసి, వెనక్కి తోశాడు.

"బాగుందండీ. చుక్క లేదేంటి? ఇంకా సరిచూడలేదా?"

బల్ల మీదే పెన్సిలుంది. చుక్క పెట్టడం ఎంతసేపు! ఆయనకు చెయ్యి రాలేదు.

"ఆ చుక్క నాది కాదండీ," అన్నాడు. "ఏ ఒక్కటీ నాది కాదు. అన్నీ మా ఆవిడ పెట్టినవే. ఆవిడ ఉండగానే చెప్పాల్సింది."